పంపుసెట్ల గోడౌనులో మంగళవారాలు

ఫిజియోథెరపీ చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఆవిడ పాతకాలం మనిషి, అడిగి చూడండి" అని ఎవరో పంపిస్తారు. వచ్చి కూర్చుని, ఆ రోజుల్లో ఏ మిషన్లుండేవి మేడమ్, ఏ పద్ధతులు వాడేవారు మేడమ్ అని అడుగుతారు. మిషన్ల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. మాకు లేవు. ఒక చాప, ఒక దిండు, ఇసుక సంచులు, మన రెండు చేతులు. ఆ తర్వాత వాళ్ళకు అడగడానికేమీ ఉండదు, నాకేమో చెప్పవలసింది అంతా మిగిలి ఉంటుంది. కాఫీ తాగి లేస్తారు. వాళ్ళు వెళ్ళాక నేను గదిలో అటూ ఇటూ తిరుగుతాను. ఒక చోట కుదురుగా కూర్చోవడం నాకు ఉద్యోగంలోనూ అలవాటు కాలేదు, ఇప్పుడూ కాలేదు. అందుకే రాసి పెడుతున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు ఇందులో ఉండవు. ఒక కంపెనీ, ఒక మేనేజరు, ఒక తల్లి, ఆవిడ కూతురు. నాకు ఈ పని నేర్పింది ముఖ్యంగా వాళ్ళే.

కంపెనీ ఎందుకు పిలిచింది

డెబ్బైల మొదట్లో నేను విజయవాడలో ఆస్పత్రి ఉద్యోగం చేస్తున్నాను. పోలియో పిల్లలు రోజూ వచ్చేవారు. తండ్రి భుజం మీద ఎక్కి ఆరేడేళ్ళ పిల్లాడు వచ్చేవాడు. మోకాళ్ళు అప్పటికే మడత పడి బిగుసుకుపోయి ఉండేవి. వేడి కాపడం పెట్టి, మెల్లగా సాగదీసి, ఆపరేషన్‌కి రాసి పంపేవాళ్ళం. ఇంకా పసివాళ్ళు, కాన్పు కష్టమై మెదడుకి దెబ్బ తగిలిన పిల్లలు, అసలు వచ్చేవారే కాదు. వచ్చినా డాక్టర్లు "పెద్దయితే చూద్దాం" అనేవారు. పెద్దయ్యేదాకా ఆగితే చూడడానికేం మిగలదని నాకు తెలుసు. ఆదివారం చర్చిలో కూర్చున్నా, పాస్టరు గారు ఏం చెబుతున్నారో వినపడేది కాదు. ఆ వారం వెనక్కి పంపిన పిల్లల ముఖాలు కళ్ళ ముందు తిరిగేవి.

అప్పట్లో ఊరి చివర డీజిలు పంపుసెట్లు చేసే కంపెనీ ఒకటి ఉండేది. కాలువ చివర నీరందని పొలాలన్నీ ఆ పంపుల మీదే బతికేవి. డెల్టా అంతా వాళ్ళకు డీలర్లున్నారు. యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. వాళ్ళ ఫౌండ్రీలో పనిచేసే మనిషి ఒకతను పోలియో వచ్చిన కూతుర్ని రోజూ ఎత్తుకొచ్చి గేటు పక్కన కూర్చోబెట్టి పనికి పోయేవాడట. పెద్దాయన కారు దిగి ఆ పిల్లను చూశాడు. కంపెనీ ఖర్చుతో పేదపిల్లలకు ఒక షెడ్డు పెడదామన్నాడు. మనిషి కోసం వెతికితే నా పేరు చెప్పారు. ఆస్పత్రి వదిలి అందులో చేరాను.

పెద్దాయనకు మంచిపేరు మీద ఆశ లేదనను. ఉంది. ఉంటే తప్పేమిటి? కంపెనీలు సాయం చేసేటప్పుడు వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. ఆ కారణాలను తప్పుపట్టడానికి మన టైము ఖర్చు చేయకూడదు. వాళ్ళకేం కావాలో మాత్రం మొదటి రోజే తెలుసుకోవాలి. నేను తెలుసుకోలేదు, కొన్ని నెలలు పట్టింది.

నడిచే పిల్లలు కావాలి

షెడ్డు వ్యవహారాలన్నీ వెల్ఫేర్ మేనేజరు శేషగిరిరావు గారివి. మిలిటరీలో చేసి వచ్చినాయన. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. ఆయన ఒక్కసారి చెబితే వర్క్‌షాపులో పని మర్నాటికి అయిపోయేది. పిల్లలు పట్టుకుని నడిచే కమ్మీలు, మెట్లు, క్యాలిపర్లు, అంటే కాళ్ళకు కట్టే ఇనప చట్రాలు, అన్నీ కంపెనీలోనే చేయించాడు. అలాంటి మేనేజరు నాకు మళ్ళీ దొరకలేదు. అలా నన్ను వేధించినవాడూ దొరకలేదు.

నేను పసిపిల్లలను కూడా తీసుకుంటున్నానని తెలిసి ఒకరోజు పిలిపించాడు.

"చూడు సుగుణమ్మా, పోలియో పిల్లాడికి క్యాలిపర్ కడితే లేచి నిలబడతాడు. చూసినవాడికి అర్థమవుతుంది. ఈ చంటిపిల్లలతో నువ్వేం చేస్తున్నావో నాకే అర్థం కావట్లేదు. ఇంక పెద్దాయనకేం చెప్పను?"

"ఈ పిల్లలకి ఇప్పుడు చేస్తేనేనండి ఉపయోగం. ఏడాది లోపు మొదలుపెడితే మెడ నిలుస్తుంది, కూర్చుంటారు, మింగడం వస్తుంది. ఐదేళ్ళు నిండాక తెస్తే మనం చేసేదేం ఉండదు."

"నడుస్తారా?"

"కొందరు నడుస్తారు. కొందరు నడవరు."

"పంపు బిగించి నీళ్ళు వచ్చాయా లేదా అని చూస్తాం మేము. వస్తాయో రావో తెలియని పంపు ఎవడమ్మా కొనేది?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. చివరికి పొద్దున పోలియో పిల్లలు, మధ్యాహ్నం నుంచి పసిపిల్లలు అని రాజీ కుదిరింది. "మధ్యాహ్నం వాళ్ళ గురించి నన్నేం అడక్కు" అన్నాడు. నేను అడగలేదు.

నాంచారమ్మ

ఒక మధ్యాహ్నం ఒకావిడ షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. "చేపల వాసనండీ, బస్సులో కూడా దిగిపొమ్మన్నారు" అంది. నాగాయలంక అవతల చేపలు పట్టేవాళ్ళ పాలెం. పేరు నాంచారమ్మ. భర్త వేటకు పోతాడు, ఈవిడ గంపెత్తుకుని ఊళ్ళ వెంట అమ్ముతుంది. చేతుల్లో ఇంకా ఏడాది నిండని ఆడపిల్ల, దుర్గ.

పిల్లను చాప మీద పడుకోబెట్టమన్నాను. కర్రముక్కలా బిగుసుకుని ఉంది. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. గుప్పిళ్ళు విడవడం లేదు. కొంచెం శబ్దమైతే చాలు, తల వెనక్కి విరుచుకుంటోంది. కళ్ళు మాత్రం నన్ను వదలడం లేదు. నేను ఎటు జరిగితే అటు తిప్పుతోంది.

"పుట్టగానే ఏడవలేదండీ. మంత్రసాని కాళ్ళు పట్టుకుని తిప్పితే అప్పుడు కుయ్యిమంది. ఏదో దోషమంటున్నారు మా అత్తగారోళ్ళు."

"దోషం కాదమ్మా. కాన్పులో ఊపిరి అందక తలలో దెబ్బ తగిలింది. నీ తప్పు కాదు, పిల్ల తప్పూ కాదు."

తర్వాత అందరూ అడిగే ప్రశ్నే అడిగింది. "నడుత్తదాండీ?"

ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పరు. నేర్పినా పనికిరాదు. నడుస్తుందంటే అబద్ధం కావచ్చు. నడవదంటే రేపటినుంచి రారు. "ఇప్పుడే చెప్పలేనమ్మా. కూర్చుంటుందనుకుంటున్నాను. నీ చేత్తో నువ్వే కూర్చోబెడతావు" అన్నాను. ఆవిడ తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

బిగుసుకుపోయిన పిల్లను రెండు చేతుల మీద అడ్డంగా, పురిటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకొచ్చింది. ముందు అది మాన్పించాను. మన ఆడవాళ్ళు పిల్లను చంకన వేసుకుంటారే, అలా వేసుకోమన్నాను. కాళ్ళు ఎడం అవుతాయి, మెడ నిలబెట్టడం పిల్లకు అలవాటవుతుంది, నాలుగు వైపులా చూస్తుంది. పడుకోబెట్టి అన్నం పోయొద్దని చెప్పాను. ఒడిలో కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, గడ్డం కింద వేలు ఆనించి, చిన్న చిన్న ముద్దలు. అంతే. ఆవిడ ఒకసారి చూసి రెండోసారి తనే చేసింది. వెళ్ళేటప్పుడు పిల్ల చంకలో ఉంది. బిత్తరపోయి చూస్తోంది.

కొన్నిసార్లు వచ్చింది. తర్వాత రావడం మానేసింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. రానూ పోనూ ఒక రోజంతా పోతుంది. ఆ రోజు గంప ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పసిపిల్లల తల్లులు చాలామంది అలాగే మానేసేవారు. మంగళగిరి నుంచి ఒక మగ్గం నేసేవాళ్ళ పసివాడు వచ్చేవాడు. తాత ఎత్తుకొచ్చేవాడు. బాబు మెడ నిలుస్తోందని నేను మురిసిపోతున్న రోజుల్లోనే రావడం ఆగింది. వెతుక్కుంటూ వెళితే ఇంటికి తాళం. పని దొరక్క ఏదో ఊరు పోయారన్నారు. ఆ బాబు ఏమయ్యాడో నాకు ఈనాటికీ తెలియదు. రిటైరయ్యాక ఇలాంటివే గుర్తొస్తాయి. సన్మానాలు గుర్తు రావు.

వ్యానులో చోటు

పిల్లలు మన దగ్గరికి రాలేకపోతే మనం వెళ్ళాలి. ఎలా వెళ్ళాలి? రోజూ గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని. కంపెనీ సర్వీసు వ్యాను మెకానిక్కులతో డెల్టాకు బయల్దేరేది. ప్రతి మంగళవారం చల్లపల్లి డీలరు దగ్గర ఆగుతుంది, చుట్టుపక్కల పంపులు బాగుచేసుకుని సాయంత్రం తిరిగొస్తుంది. అందులో నాకు ఒక సీటు కావాలని అడిగాను.

శేషగిరిరావు గారు ఒప్పుకోలేదు. "మెకానిక్కుల మధ్య నువ్వెక్కడ కూర్చుంటావమ్మా? ఏదన్నా అయితే నేను జవాబు చెప్పాలి."

పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన విని, "వ్యాను ఎలాగూ పోతోందిగా, పోనివ్వండి" అన్నాడు. అంతే. ఒక సంవత్సరం నన్ను నిద్రపోనివ్వని సమస్య ఆయనకు ఒక్క మాట పని.

ఈ రోజుల్లో పిల్లలు కంపెనీలను అడిగేటప్పుడు ముందు డబ్బు అడుగుతారు. నేను నేర్చుకున్నది వేరు. వాళ్ళ దగ్గర అప్పటికే తిరుగుతున్నదేదో, ఖాళీగా పడున్నదేదో చూసి అది అడగండి. బండి, గోడౌను, వర్క్‌షాపులో మిగిలిన చెక్క. కాదనడం వాళ్ళకు కష్టం.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి, కూచిపూడి వచ్చేసరికి ఎండ ముదిరేది. స్పానర్ల పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని కూర్చునేదాన్ని. చల్లపల్లిలో డీలరు రాఘవయ్య గారు. మంచి మర్యాదస్తుడు. గోడౌనులో ఒక మూల ఊడ్పించి చాప వేయించాడు. కానీ పిల్లలు దొడ్డి వైపు తలుపులోంచే రావాలన్నాడు.

"నన్నేం అనుకోకండి. రైతు మంచిరోజు చూసుకుని పంపు కొనడానికొస్తాడండీ. బోణీ వేళకి గుమ్మంలో ఇట్టాంటి పిల్లలు ఎదురైతే వెనక్కి పోతాడు. నాకేం పట్టింపు లేదు, ఆళ్ళకుందండీ."

పట్టింపు ఆయనకూ ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దొడ్డి తలుపుకు ఒప్పుకున్నాను. చోటు దొరకడమే గొప్ప అప్పుడు. నాగాయలంక వైపు వెళ్ళే మెకానిక్కుతో నాంచారమ్మకు కబురు పంపాను. వచ్చే మంగళవారానికి పిల్లను చంకన వేసుకుని వచ్చింది. తన వెంట ఇంకో ఇద్దరు తల్లులను కూడా తీసుకొచ్చింది. ఆ మాటా ఈ మాటా పాకి గోడౌను నిండింది. పంపుల పెట్టెల మధ్య పిల్లల ఏడుపులు, తల్లుల మాటలు, బయట ఇంజన్ల చప్పుడు. నా ఉద్యోగంలో అంత బాగా పనిచేసిన రోజులు ఇంకెప్పుడూ లేవు. దుర్గకు రెండేళ్ళు దాటేసరికి మెడ గట్టిపడింది. వెనక దిండు పెడితే కాసేపు కూర్చునేది.

షామియానా కింద

ఆ ఏడు కంపెనీ వార్షికోత్సవం పెద్దగా చేశారు. ఆవరణ నిండా షామియానాలు. డీలర్లు, ఆఫీసర్లు, పత్రికలవాళ్ళు. పోలియో పిల్లలు స్టేజీ మీద నడిచి చూపించాలి. అది నాకు ఇష్టం లేదు. కానీ ఆ పిల్లలకు ఇష్టమే. కొత్త బట్టలు వేసుకుని ఒకరినొకరు తోసుకుంటున్నారు. పక్క డేరాలో కూర్చుని వాళ్ళ బూట్ల తాళ్ళు బిగిస్తున్నాను. చల్లపల్లి తల్లులను కూడా వ్యాను పంపి పిలిపించారు. ఊరికే చూడడానికే అనుకున్నాను.

మైకులో శేషగిరిరావు గారి గొంతు వినిపించింది. "మన సంస్థ దయవల్ల ఒక మత్స్యకారుని బిడ్డ, పుట్టినప్పటినుంచీ మంచానపడ్డ చిన్నారి, ఈరోజు మీ అందరి ముందు మొట్టమొదటిసారి నిలబడబోతోంది."

బూటు తాడు వదిలేసి లేచాను. వర్క్‌షాపులో చిన్న సైజు క్యాలిపర్లు చేయిస్తున్నారని విన్నాను. పోలియో పిల్లలకేననుకున్నాను. పరుగెత్తాను.

నేను స్టేజీ చేరేసరికి దుర్గ కాళ్ళకు క్యాలిపర్లు కట్టి నిలబెట్టేశారు. చెరో పక్క ఒక మనిషి పట్టుకున్నాడు. ఆ ఇనుములో పిల్ల కాళ్ళు ఇంకా బిగుసుకుని, ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి. తల వెనక్కి విరుచుకుపోయింది. నోరు తెరిచి ఉంది కానీ గొంతు రావడం లేదు. కింద జనం చప్పట్లు కొడుతున్నారు. పిల్ల నిలబడిందనే వాళ్ళకు కనబడుతోంది. చప్పట్లకు అదిరి పిల్ల మరీ బిగుసుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

నాకంటే ముందు నాంచారమ్మ ఎక్కింది. కూర్చుని, ఒక్కో పట్టీ విప్పింది. ఇనుము అక్కడే వదిలేసి, పిల్లను కొంగులో చుట్టుకుని మెట్లు దిగి గేటు వైపు నడిచింది. నేను వెనక పడ్డాను. "నాంచారమ్మా, ఆగమ్మా" అన్నాను. తిరిగి చూడలేదు. చప్పట్లు అప్పటికి ఆగిపోయాయి.

సాయంత్రం పెద్దాయన నన్ను పిలిచి ఒక్కటే అడిగాడు. "పిల్ల ఎందుకేడ్చింది?" చెప్పాను. ఈ జబ్బుకు అది మందు కాదని, భయపెడితే ఇంకా బిగుస్తుందని, ఈ పిల్ల నిలబడాలంటే ముందు కూర్చోవాలని. శేషగిరిరావు గారు పక్కనే నిలబడి విన్నాడు. ముఖం నల్లబడిపోయింది. బయటికి వచ్చాక, "నేను దానికి మంచే జరగాలనుకున్నాను సుగుణమ్మా" అన్నాడు. నిజమే. ఆయన దుర్మార్గుడు కాడు. చేసిన పని పూర్తయి కళ్ళకు కనబడాలి ఆయనకు, అంతే. నా అనుభవంలో ఈ రంగంలో పిల్లలకు దుర్మార్గులు చేసిన చెరుపు తక్కువ. తొందరపడే మంచివాళ్ళు చేసింది ఎక్కువ.

పాలెంలో

తర్వాతి మంగళవారం గోడౌనులో పిల్లలే లేరు. ఆ పై వారం ఒకరిద్దరు వచ్చారు. వాళ్ళూ పిల్లను నా చేతికివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు. వార్త డెల్టా అంతా పాకింది. మూడేళ్ళుగా సంపాదించుకున్న నమ్మకం ఒక పూటలో పోయింది. శేషగిరిరావు గారు పసిపిల్లల విభాగం మూసేద్దామన్నాడు. నేను ఒక రోజు సెలవు పెట్టి నాగాయలంక బస్సెక్కాను. అక్కడినుంచి పడవ.

పాలెంలో ఇసుక మీద చేపలు ఎండబెట్టి ఉన్నాయి. నాంచారమ్మ గుడిసె ముందు కూర్చుని రొయ్యలు వేరుచేస్తోంది. పక్కన చాప మీద దుర్గ. నన్ను చూసి పిల్ల ముఖం ముడుచుకుంది, ఏడుపు లంకించుకుంది. చంటిదానిగా ఉన్నప్పుడు కళ్ళతో నన్ను వెంటాడిన పిల్ల. దూరంగా ఇసుకలో కూర్చున్నాను. ఏడుపు ఆగేదాకా అక్కడినుంచి కదలలేదు.

"నాకు తెలియదు నాంచారమ్మా. తెలిస్తే జరగనిచ్చేదాన్ని కాదు."

"తెలవదని తెలుసండీ. మీరేం సేత్తారు. జీతం ఆళ్ళదేగా."

ఎవరి జీతం తింటామో తల్లులకు మనం వాళ్ళ మనిషిలాగే కనబడతాం. అది మరిచిపోకూడదు.

"పిల్ల మళ్ళీ బిగుసుకుంటోంది చూడు. నన్ను తిట్టు, పిల్లను మాత్రం తీసుకురా."

రొయ్యలు వేరుచేస్తూనే ఉంది. లోపలినుంచి అత్తగారు, "ఇంకెక్కడికీ పంపం, పోండమ్మా" అంది. నాంచారమ్మ లోపలికి చూసి, "నువ్వుండత్తా" అంది. తర్వాత నాతో అంది.

"ఆ తెల్లసొక్కా ఆయన్ని గోడౌనుకి రమ్మనండి. వచ్చి నా పిల్లకి ఓ పూట అన్నం పెట్టమనండి. అప్పుడు నేనూ వత్తాను."

ఒక పూట అన్నం

ఆ మాట శేషగిరిరావు గారికి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తిరిగాను. చెప్పాక ఆయన, "నేనెందుకు రావాలమ్మా? నేనేమన్నా నేరం చేశానా?" అన్నాడు. "మీరు రాకపోతే నేనూ వెళ్ళనండి. షెడ్డు తాళాలు ఇవిగో" అని టేబులు మీద పెట్టాను. నా ఉద్యోగంలో అలా బెదిరించింది ఆ ఒక్కసారే. నిజంగానే మానేసేదాన్నా అంటే ఇప్పుడు చెప్పలేను. ఆయన తాళాలు నా వైపు తోసి, "మంగళవారం కదా" అన్నాడు.

వచ్చాడు. స్పానర్ల పెట్టె పక్కన నాతోపాటే కూర్చుని వచ్చాడు. గోడౌనులో నాంచారమ్మ ముందే వచ్చి ఉంది. మనిషిని ఎగాదిగా చూసి, చాప చూపించింది. ఆయన చెప్పులు విడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిల్లను ఒళ్ళో పెట్టింది. ఆయనకు ఎలా పట్టుకోవాలో తెలియలేదు. దుర్గ బిగుసుకుని వెనక్కి విరుచుకుంది, తల ఆయన గడ్డానికి తగిలింది.

"భయపడకండి, మీరు గట్టిగా పట్టుకుంటే తనూ గట్టిపడుతుంది. కొంచెం వదులు చేయండి" అన్నాను.

మొదటి ముద్ద బయటికొచ్చేసింది. రెండోది పొలమారి దగ్గు పట్టుకుంది. ఆయన హడలిపోయి నా వైపు చూశాడు. గడ్డం కింద వేలు ఎక్కడ పెట్టాలో చూపించాను. తెల్లచొక్కా మీద పప్పన్నం మరకలు. చెమటలు కారుతున్నాయి. నాంచారమ్మ గోడకు ఆనుకుని చూస్తోంది. ఎవరో మెకానిక్కు లోపలికి తొంగిచూస్తే ఆయన కసిరాడు. చాలాసేపటికి పిల్ల ఒక ముద్ద మింగింది. గొంతు కదలడం ఆయన వేలికి తెలిసింది.

"మింగింది! సుగుణమ్మా, మింగింది" అన్నాడు. స్టేజీ మీద మైకులో మాట్లాడిన గొంతు కాదది.

ఆ గిన్నె పూర్తయ్యేసరికి వ్యాను బయల్దేరే వేళయింది. దారిలో పామర్రు దాకా చొక్కా మీద మరకలు గీకుతూ కూర్చున్నాడు. తర్వాత, "రోజూ ఇంతేనా?" అన్నాడు.

"రోజుకి మూడుసార్లండి. మధ్యలో చేపల గంప."



ఆయనేమీ మారిపోలేదు. అదే దర్పం, అదే కసురు. కానీ నడిచిందా అని ఆ తర్వాత నన్నెప్పుడూ అడగలేదు. "ఆ పిల్ల తింటోందా?" అని అడిగేవాడు. పంపులు వచ్చే చెక్కపెట్టెలు విప్పించి, పిల్లలు కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీలు చేయించాడు. కాళ్ళ మధ్య అడ్డుదిమ్మె ఉండాలని చెబితే, దాని కొసలు నున్నగా చెక్కించాడు. రాఘవయ్య గారితో ఒక్క మాట అన్నాడు. "మా కంపెనీ బోర్డు వీధి వైపు ఉందండీ, పిల్లలు కూడా వీధి వైపునుంచే వస్తారు." రాఘవయ్య గారు కాదనలేకపోయాడు. మంగళవారాలు మాత్రం తెల్లారగానే షాపు తెరిచి, ఎవరో తెలిసినవాళ్ళ చేత ఒక బోల్టో నట్టో కొనిపించి, బోణీ అయిందనిపించుకుని కూర్చునేవాడు. మేము వెళ్ళేసరికి నవ్వుతూ, "రండి రండి, బోణీ అయిపోయిందండీ" అనేవాడు. మనుషులు అంతవరకే మారతారు. పని జరగడానికి అది చాలు.

షెడ్డు మూతపడ్డాక

డెబ్బైలు ముగిసేలోపు పెద్దాయన మంచాన పడ్డాడు. కంపెనీ కొడుకుల చేతికి వచ్చింది. వాళ్ళకు వేరే ఆలోచనలున్నాయి. షెడ్డులో స్పేరుపార్టులు పెట్టారు. సర్వీసు వ్యాను డీలర్లకు అప్పగించారు. శేషగిరిరావు గారు రిటైరయి కూతురు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ ఆస్పత్రి ఉద్యోగంలో చేరాను. కొడుకుల మీద నాకు కోపమేమీ లేదు. ఒక మనిషి దయ మీద మొదలైనది ఆ మనిషితోనే పోతుంది. ఇది ముందే తెలుసుకుని, సాయం ఉన్న రోజుల్లోనే తల్లుల చేతికి పని పూర్తిగా అప్పగించాలి. కొందరికి అప్పగించగలిగాను. అందరికీ కాదు.

సెలవు దొరికిన మంగళవారం నేనే బస్సులో చల్లపల్లి వెళ్ళేదాన్ని. నాంచారమ్మ అప్పటికి పాలెం వదిలి చల్లపల్లి మార్కెట్లో చేపల దుకాణం పెట్టుకుంది. దుర్గను చెక్క కుర్చీలో పక్కన కూర్చోబెట్టుకునేది. పిల్ల నేల మీద జరిగేది, కమ్మీ పట్టుకుని నిలబడేది, తన చేత్తో తాను తినేది. నడక రాలేదు. మాట ఆలస్యంగా, ముద్దగా వచ్చింది.

ఆరేళ్ళు వచ్చాక ఒకరోజు ముగ్గురం బడికి వెళ్ళాం. హెడ్‌మిస్ట్రెస్ గారు మంచావిడే, కానీ కంగారు పడింది. ఇట్టాంటి పిల్లను ఎప్పుడూ చేర్చుకోలేదు, తోటి పిల్లలు ఏమంటారో, దొడ్డికి ఎవరు తీసుకెళతారో. మధ్యాహ్నం నాంచారమ్మ వచ్చి చూసుకుంటానంది. నేను కూడా నాకు తెలిసినవన్నీ చెప్పాను. చివరికి ఆవిడ మమ్మల్ని ఒకటో క్లాసు గుమ్మం దాకా తీసుకెళ్ళి, "సరే, ఎక్కడ కూర్చోబెట్టమంటారు?" అంది.

"వెనకాల ఓ మూలనండీ. ఎవరికీ అడ్డం లేకుండా" అంది నాంచారమ్మ.

దుర్గ నోరు తెరిచింది. ఆ పిల్ల మాట్లాడబోయేటప్పుడు మెడ ఒక పక్కకు లాగుతుంది, చెయ్యి లేస్తుంది, పెదాలు కుదరడానికి టైము పడుతుంది. వాళ్ళమ్మ తన బదులు చెప్పబోతుంటే ఆపాను. హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా ఆగింది. క్లాసులో పిల్లలు పలకలు పక్కన పెట్టి చూస్తున్నారు.

"ముందు" అంది దుర్గ.

మొదటి వరసలో పిల్లలు తమంతట తామే జరిగారు. మా వెంట తెచ్చిన చెక్క కుర్చీ తీసుకెళ్ళి అక్కడ వేశాను. నాంచారమ్మ పిల్లను కూర్చోబెట్టి, గౌను సరిచేసి, వెనక్కి తిరగకుండా దుకాణానికి వెళ్ళిపోయింది. టీచరు నల్లబల్ల మీద రాయడం మొదలుపెట్టింది. దుర్గ బల్ల వైపే చూస్తోంది. నేను గుమ్మం దగ్గర ఇంకా నిలబడే ఉన్నాను. కాసేపటికి హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి, "ఇంకేమన్నా ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఏం లేదండి" అన్నాను. నిజంగానే అక్కడ నాకింక పనేమీ లేదు.